బియ్యం అమ్ముకున్నోళ్లు

2020 ఏప్రిల్ నాటి నోటుబుక్కు ఒకటి నా దగ్గర ఇంకా ఉంది. ఎడమవైపు గది నంబర్లు, మధ్యలో పేర్లు, కుడివైపు ఫోన్ నంబర్లు. ఇస్నాపూర్ నుంచి పాశమైలారం వెళ్లే దారి పక్క రేకుల గదుల్లో ఉండే వలస కార్మికుల జాబితా అది. మా కాలనీ వాట్సాప్ గ్రూపు తరఫున సరుకులు పంచడానికి నేను రాసుకున్నాను. అందులో ఒక పేజీలో నలుగురి పేర్ల మీద ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత ఉంటుంది. పక్కన నా చేతిరాతే: ‘బియ్యం అమ్ముకున్నారు. ఇక ఇవ్వొద్దు.’

ఎవరో గ్రూపులో ఫోటో పెట్టారు. కిరాణా కొట్టు ముందు ఒక కుర్రాడు సంచిలోంచి బియ్యం తూకం వేయిస్తున్నాడు. మనమిచ్చిన సంచే. అరగంటలో నలభై మెసేజీలు వచ్చాయి. ‘వీళ్లకి ఇంతే’, ‘తాగుడికే అయ్యుంటుంది’, ‘అవసరం ఉన్నోళ్లకే ఇద్దాం’. నేనూ ఒక బొటనవేలు బొమ్మ పెట్టి, నోటుబుక్కు తీసి, గీత గీశాను. నలుగురూ జార్ఖండ్ పలాము జిల్లా పిల్లలు. అంతకు ముందు వారం అందులో ఒకడు నన్ను ఆపి, “భయ్యా, చావల్ హై. తేల్ నహీ హై” అన్నాడు. బియ్యం ఉంది, నూనె లేదు. వచ్చే ట్రిప్పులో చూద్దాం అన్నాను. చూడలేదు.

నిజానికి మొదటి ట్రిప్పులో మా కిట్టులో నూనె ఉంది. అయిదు కిలోల బియ్యం, కిలో కందిపప్పు, ఉప్పు, కారం, అరలీటరు నూనె ప్యాకెట్టు. ట్రాలీ ఆటోలో కింద ఉన్న ప్యాకెట్లు నాలుగైదు పగిలాయి. సంచులు జిడ్డయ్యాయి, పప్పు పాడైంది, ఆటో అతను అలిగాడు. ఆ రాత్రి లెక్క చూసుకుంటే కిట్టు ఖర్చులో పెద్ద వాటా పప్పుది, నూనెదే. రెండో ట్రిప్పు నుంచి నూనె తీసేశాం, పప్పు అరకిలో చేశాం, ఆ డబ్బుతో ఇంకో ముప్పై గదులకు బియ్యం ఇవ్వగలిగాం. గ్రూపులో చప్పట్లు. ‘ఎక్కువమందికి చేరింది.’ అందులో అబద్ధం ఏమీ లేదు. బియ్యం కారదు, ముక్కిపోవడానికి టైం పడుతుంది, బస్తాల్లో లెక్క తేలుతుంది. సాయం చేసేవాడి చేతికి అంత వీలైన తిండి ఇంకోటి లేదు.

ప్రభుత్వ లెక్క కూడా అదే తీరు. మార్చి చివర్లో తెలంగాణ ప్రభుత్వం వలస కార్మికులకు మనిషికి 12 కిలోల బియ్యం లేదా పిండి, 500 రూపాయలు ప్రకటించింది. రేషన్ కార్డు లేని పరాయి రాష్ట్రం వాళ్లకు కూడా ఇస్తామనడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు, దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయితే ఆ 12 కిలోలను 30 రోజులతో భాగించండి. రోజుకు 400 గ్రాములు. వంద గ్రాముల తెల్ల బియ్యంలో సుమారు 350 కేలరీలు, అరగ్రాము కొవ్వు. అంటే రోజుకు 1,400 కేలరీలు, 2 గ్రాముల కొవ్వు. మిగిలిందంతా ఆ 500 రూపాయల్లోంచి రావాలి. అందులోనే ఉల్లిగడ్డ, సబ్బు, చిన్న సిలిండర్ ఫిల్లింగు, ఇంటికి మాట్లాడటానికి రీచార్జి.

ఈ లెక్కలు అప్పుడు నేను వేయలేదు. వేసింది 2022లో, పూర్తిగా వేరే పని మీద. ధాత కరువు గురించి చదువుతున్నాను.

1876లో మొదలై 1878 దాకా దక్కనునూ మద్రాసు ప్రెసిడెన్సీనీ పీల్చేసిన కరువు అది. మొదలైన తెలుగు సంవత్సరం పేరే దానికి పెట్టుకున్నారు మనవాళ్లు. బళ్లారి, కర్నూలు, కడప దిక్కు బాగా దెబ్బతిన్నాయి. మొత్తం మీద 50 లక్షల మందికి పైగా పోయారని అంచనా. 1877 జనవరిలో వైస్రాయ్ లిట్టన్ తన తరఫున రిచర్డ్ టెంపుల్ అనే అధికారిని కరువు చూసి రమ్మని పంపాడు. ఈ టెంపులే 1874లో బీహార్ కరువులో బర్మా నుంచి బియ్యం తెప్పించి జనాన్ని బతికించాడు. అందుకు మెచ్చుకోలు రాలేదు, దుబారా చేశాడని తిట్లు పడ్డాయి. ఆ తిట్లు గుర్తుపెట్టుకుని వచ్చినవాడు దక్షిణాదిలో ఏం చేస్తాడు? సహాయ పనుల్లో రాళ్లు కొట్టే మగమనిషికి రోజుకు ఒక పౌను గింజలు చాలన్నాడు. అంటే 450 గ్రాములు. పైన కాసింత చిల్లర. ఆడవాళ్లకూ పిల్లలకూ ఇంకా తక్కువ. దాన్ని టెంపుల్ కూలి అని చరిత్రలో రాసుకున్నారు.

అక్కడ పుస్తకం మూసేశాను. ఒక పౌను గింజలు, కాసింత చిల్లర. 400 గ్రాముల బియ్యం, 500 రూపాయలు.

పోలికలో తొందరపడకూడదని నాకు నేనే చెప్పుకున్నాను. టెంపుల్ కూలి ఎండలో ఒళ్లు హూనమయ్యే పనికి ఇచ్చింది. మన బియ్యం పని లేక గదిలో కూర్చున్నవాళ్లకు ఇచ్చింది. అక్కడ జనం లక్షల్లో చచ్చిపోయారు, ఇక్కడ ఆకలితో అలా జరగలేదు. కానీ రెండు లెక్కలూ నిలబడ్డ పునాది ఒకటే. గింజలతో మనిషి బతుకుతాడు, మిగతావి చిల్లరతో కొనుక్కుంటాడు, కొనుక్కోలేకపోతే అవి లేకపోయినా ఫరవాలేదు.

టెంపుల్‌ను అప్పుడే ఎదిరించినవాడు ఒకడున్నాడు. విలియం కార్నిష్ అని మద్రాసు ప్రెసిడెన్సీ శానిటరీ కమిషనర్, డాక్టరు. పనిచేసే మనిషికి తక్కువలో తక్కువ ఒకటిన్నర పౌన్లు, అంటే 680 గ్రాముల గింజలు కావాలి, దానికి తోడు కూరగాయలు, మాంసకృత్తులు ఉండాలి అన్నాడు. చివరికి 1877 మార్చిలో మద్రాసు ప్రభుత్వం మధ్యే మార్గం పట్టింది. 570 గ్రాముల గింజలు, 43 గ్రాముల పప్పు. బొంబాయి వైపు కూలీలు ఒక పౌను లెక్క మీద పని మానేసి వెళ్లిపోయారు. పూనా సార్వజనిక సభ వాళ్ల తరఫున మాట్లాడింది.

కార్నిష్ వాదన ముఖ్యంగా మాంసకృత్తుల గురించి. ఆ కాలపు శాస్త్రానికి తెలిసింది అంతవరకే. విటమిన్లు అన్న మాట ఇంకా పుట్టలేదు. కొవ్వు అంటే పొయ్యిలో కట్టెలాంటిది, ఒళ్లు వెచ్చగా ఉంచుతుంది అనుకునేవారు. అయినా తర్వాత వచ్చిన ఫామిన్ కోడ్‌ల ఆహార పట్టికల్లో గింజలు, పప్పు, ఉప్పు పక్కన కొంచెం నెయ్యి లేదా నూనె కూడా చేరింది. శాస్త్రం చెప్పకముందే వంట తెలిసినవాళ్లెవరో చెప్పి ఉంటారని నా అనుమానం.

శాస్త్రం చెప్పింది 1929లో. అమెరికాలో మిన్నెసోటాలో జార్జ్ బర్, మిల్‌డ్రెడ్ బర్ అనే భార్యాభర్తలు ఎలుకలకు అన్నీ పెట్టి కొవ్వు ఒక్కటి ఆపేశారు. కేలరీలకు లోటు లేదు. అయినా ఎలుకల ఎదుగుదల ఆగింది, తోకలు పొలుసులు కట్టాయి. పిండి పదార్థం నుంచి ఒళ్లు చాలా రకాల కొవ్వు తయారుచేసుకుంటుంది గానీ లినోలెయిక్ ఆమ్లం లాంటివి చేసుకోలేదు. అవి తిండిలోంచే రావాలి. దీనికి తోడు ఎ, డి, ఇ, కె విటమిన్లు కొవ్వు ఉంటేనే ఒంటికి పడతాయి. తోటకూర నీళ్లలో ఉడకబెట్టి తినడానికీ రెండు చెంచాల నూనెలో వేపుకుని తినడానికీ తేడా రుచిది మాత్రమే కాదన్నమాట.

ఇప్పుడు విపత్తు సాయంలో ప్రపంచమంతా వాడే స్ఫియర్ ప్రమాణాలు ఉన్నాయి. వాటి ప్రకారం మనిషికి రోజుకు సగటున 2,100 కేలరీలు, అందులో 17 శాతం కొవ్వు నుంచి రావాలి. అంటే దాదాపు 40 గ్రాములు. ప్రపంచ ఆహార కార్యక్రమం శిబిరాల్లో ఇచ్చే మామూలు రేషన్ చూస్తే నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. గింజలు 400 గ్రాములు. సరిగ్గా మన లెక్కే. దాని తర్వాత 60 గ్రాముల పప్పు, 25 గ్రాముల విటమిన్ కలిపిన నూనె, 50 గ్రాముల సోయా కలిపిన పిండి, కొంచెం చక్కెర, ఉప్పు. మనం పట్టికలో మొదటి వరుస దగ్గర ఆగిపోయాం.

తెలుగులో ‘అన్నం తిన్నావా’ అంటే భోంచేశావా అని. కూర గురించి అడగం, అది ఉంటుందనే లెక్క. ఇచ్చే చోటికి వచ్చేసరికి మాత్రం ఆ మాటను అక్షరాలా పట్టుకుంటాం.

మా అమ్మను అడిగితే ఆమె చిన్నప్పటి సంగతి చెప్పింది. మెదక్ దగ్గర ఊళ్లో బడిలో ఉప్మా పెట్టేవారట. అమెరికా నుంచి వచ్చిన రవ్వ, అమెరికా నుంచే వచ్చిన నూనె డబ్బాలు. “ఉప్మా గురించి ఎవ్వరికీ పట్టింపు లేదురా. నూనె డబ్బా మీదనే కొట్లాట. ఖాళీ అయినంక డబ్బా ఎవరికి, అడుగున మిగిలిన నూనె ఎవరికి అని.” దాతలు రవ్వతో పాటు నూనె పంపారు. ఆ లెక్క వేసినవాళ్లెవరో బర్ దంపతుల ఎలుకల కథ చదివిన తరం అయ్యుండాలి.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది దూరం. ఈ సంగతులన్నీ ఎక్కడో జెనీవాలోనో మిన్నెసోటాలోనో ఉండి ఉంటే నా గీతకు ఓ సాకు దొరికేది. పటాన్‌చెరు ఊరు దాటగానే హైవే పక్కన ఇక్రిశాట్ కంచె ఉంటుంది. 1972లో పెట్టారు. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ మీద పరిశోధన చేసే అంతర్జాతీయ సంస్థ. దాని జన్యు నిధిలో వేల రకాల పల్లీ విత్తనాలు చల్లగా దాచి ఉన్నాయి. పల్లీలో దాదాపు సగం నూనె, నాలుగో వంతు మాంసకృత్తులు. 1996లో ఫ్రాన్సులో ఆంద్రే బ్రియాఁ అనే డాక్టరు, మిషెల్ లెస్కాన్ అనే ఆహార ఇంజినీరు కలిసి తయారుచేసిన ప్లంపీనట్ అనే పొట్లం ఆఫ్రికా కరువుల్లో పిల్లల వైద్యం తీరునే మార్చేసింది. పల్లీ ముద్ద, పాలపొడి, చక్కెర, నూనె, విటమిన్లు. 92 గ్రాముల పొట్లంలో 500 కేలరీలు. పొయ్యి అక్కర్లేదు, నీళ్లు కలపక్కర్లేదు. నూనె పల్లీ ముద్దలో కలిసి ఉంటుంది కాబట్టి మా ఆటోలో కారినట్టు కారదు కూడా. అలాంటి తిండికి పల్లీ శుభ్రంగా ఉండాలి, బూజు విషం అఫ్లటాక్సిన్ లేకుండా. ఆ విషాన్ని తక్కువ ఖర్చుతో పట్టుకునే పరీక్షను తయారుచేసినవాళ్లలో ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఉన్నారు. మా ట్రాలీ ఆటో బియ్యం బస్తాలతో ఆ కంచె పక్క నుంచే పోయేది.

ఇటు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ. 1960లో గోపాలన్, శ్రీకాంతియా అనే ఇద్దరు డాక్టర్లు ఇక్కడే హైదరాబాదులో జొన్న మీదే బతికే పేదవాళ్లకు పెల్లాగ్రా జబ్బు వస్తోందని చూపించారు. కడుపు నిండింది, ఒళ్లు పాడైంది. ఒక్క గింజ మీద మనిషిని నిలబెట్టలేమని ఇంతకంటే దగ్గరి రుజువు ఏముంది? ఆ సంస్థ వాళ్లే బక్కచిక్కిన పిల్లల కోసం ఒక మిశ్రమం తయారుచేశారు. దానికి ఊరి పేరే పెట్టారు, హైదరాబాద్ మిక్స్ అని. వేయించిన గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16, పల్లీలు 10, బెల్లం 20. మొత్తం 330 కేలరీలు, 11 గ్రాముల పైన మాంసకృత్తులు. మెడికల్ కాలేజీ పిల్లలు పరీక్షకు బట్టీ పడతారు. ఇప్పుడు అంగన్‌వాడీల్లో నెలకు రెండున్నర కిలోల ప్యాకెట్టుగా ఇచ్చే బాలామృతంలో గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెరతో పాటు నూనె కూడా కలిపే ఇస్తారు. పసిపిల్లల విషయంలో మనకు లెక్క తెలుసు. మూటలు మోసే వయసు రాగానే మర్చిపోతాం.

శాస్త్రాన్ని పక్కన పెట్టినా, బతుకమ్మ సద్దులు గుర్తు చేసుకుంటే చాలు. సత్తుపిండి, నువ్వుల సద్ది, పల్లీల సద్ది, బెల్లమూ నెయ్యీ కలిపి పిసికిన మలీద ముద్దలు. చెడకుండా నిలిచే తిండి, దారికి పనికొచ్చే తిండి. ప్రతిదాంట్లో గింజ పక్కన నూనెగింజో నెయ్యో ఉంటుంది. జహీరాబాద్ వైపు నల్లరేగళ్లలో ఇప్పటికీ కొందరు యాసంగి జొన్న, శనగ చుట్టూ కుసుమలు సాలు పెడతారు. ముళ్లుంటాయి కాబట్టి పశువులు లోపలికి రావు. కంచెకు కంచె, నూనెకు నూనె. పస్తాపూర్‌లో 1983 నుంచి పనిచేస్తున్న డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఇలాంటి కలగలుపు సాగును నిలబెట్టాయి. అది కూడా సంగారెడ్డి జిల్లానే. మా ఇస్నాపూర్ నుంచి గంటన్నర ప్రయాణం.

ఈ చదువంతా అయ్యాక ఒక ఆదివారం ఆ కిరాణా కొట్టుకు వెళ్లాను. ఫోటోలో ఉన్న కొట్టు. నడిపేది ఒక అక్క, యాభై ఏళ్లుంటాయి. మాస్కు లేకుండా ఆమెను చూడటం అదే మొదలు. నన్ను గుర్తుపట్టింది.

“నువ్వు బియ్యం పంచిన తమ్మివి గదా.”

అవునన్నాను. ఆ నలుగురు పిల్లల గురించి అడిగాను. వాళ్లు బియ్యం అమ్మిన మాట నిజమేనా అని.

“అమ్ముడెక్కడిది? నేనే తీసుకున్న. రెండు కిలోల బియ్యానికి పావులీటరు నూనె ఇచ్చిన. మరి ఏం జేయాలె తమ్మీ? ఉత్త బువ్వ ఎన్నొద్దులు తింటరు? నువ్వు తింటవా?”

“మేము పప్పు ఇచ్చాం గదక్కా.”

“పోపు లేని పప్పా?” అని నవ్వింది. “ఆలుగడ్డ కొంటే దేంట్ల వేపాలె? పైంగ వాళ్లకు సర్సోం తేల్ గావాలె. నా దగ్గర లేకుండె. సన్‌ఫ్లవరే తీసుకపోయిండ్రు.”

ఇంటికొచ్చి ఆ బేరం లెక్క వేశాను. రెండు కిలోల బియ్యం 7,000 కేలరీలు. పావులీటరు నూనె 2,000 చిల్లర. కేలరీల్లో చూస్తే దారుణంగా నష్టపోయారు, నెలకు పంచితే రోజుకు 160 కేలరీల పైనే. ఆ రోజుల్లో ఎవరైనా నాకు ఈ లెక్క చూపించి ఉంటే ‘చూశారా, తెలివితక్కువ పని’ అని గ్రూపులో పెట్టేవాణ్ని. కానీ ఆ నూనెను ఒక్క మనిషికి 30 రోజులకు పంచండి. రోజుకు 7, 8 గ్రాములు. పొద్దుతిరుగుడు నూనెలో సగానికి పైగా లినోలెయిక్ ఆమ్లమే. ఒంటికి తప్పనిసరిగా బయట నుంచి రావాల్సిన ఆ ఆమ్లం, రోజుకు కావాల్సినంతకు దగ్గరదగ్గరగా వచ్చేస్తుంది. వాళ్లు నాలుక చెప్పిన మాట విన్నారు, లెక్క నేను తర్వాత వేసుకున్నాను. అయితే పావులీటరు నలుగురి మధ్యా పంచుకున్నారో, నాలుగుసార్లు తెచ్చుకున్నారో అక్క చెప్పలేదు, నేనూ అడగలేదు. నలుగురూ ఒక్క పావుతోనే సరిపెట్టుకుని ఉంటే నా లెక్క అంత అందంగా ఉండదు.

“వాళ్లెప్పుడు వెళ్లారు?”

“కంది కాడ లొల్లి అయినంక. రైలు పోయిందన్న మాట విన్నరు, ఆగలే.”

కంది ఐఐటీ నిర్మాణ పనుల దగ్గర ఏప్రిల్ 29న వేలమంది కార్మికులు జీతాల కోసం, ఇంటికి పంపమని రోడ్డెక్కారు. రాళ్లు పడ్డాయి. మే 1 తెల్లవారుజామున లింగంపల్లి నుంచి జార్ఖండ్ హతియాకు 24 బోగీల రైలు బయలుదేరింది, దాదాపు 1,200 మందితో. లాక్‌డౌన్‌లో వలస కార్మికుల కోసం దేశంలో నడిచిన మొదటి రైలు అది. కంది నుంచి వాళ్లను బస్సుల్లో తీసుకెళ్లారు. ఇస్నాపూర్ రేకుల గదుల వాళ్లకు అందులో చోటు లేదు. ఈ నలుగురూ లారీ పట్టుకున్నారో, నడిచారో అక్కకు తెలీదు.

“పోయే ముందు మిగిలిన బియ్యమంతా ఈడనే పోసిండ్రు. పుట్నాలు, పల్లీలు, బెల్లం అడిగిండ్రు. పుట్నాలు గిర్నీల పట్టించుకపోయిండ్రు, సత్తు అంటరు గదా వాళ్లు. తక్కువ పడితే ఓ అరకిలో పల్లీలు నేనే పోసిన.”

పుట్నాలు, పల్లీలు, బెల్లం. గోధుమ ఒక్కటి తక్కువ.

నోటుబుక్కు వెనక పేజీల్లో గ్రూపు జమాఖర్చులు కూడా ఉన్నాయి. మే నెలాఖరుకు మా దగ్గర 38,000 రూపాయలు మిగిలాయి. ఒక్క కిట్టుకు 25 గ్రాముల లెక్కన నెలకు 750 గ్రాముల నూనె అనుకుంటే, అప్పటి ధరకు 400 మందికి పైగా సరిపోయే డబ్బు. దాన్ని ఏం చేయాలని గ్రూపులో ఓటింగు పెట్టాం. కాలనీ గేటు దగ్గర కాలితో తొక్కే శానిటైజర్ స్టాండు, ఒక ఫ్లెక్సీ, సెక్యూరిటీ గదికి కొత్త రంగు. నేనూ ఓటేశాను. ఫ్లెక్సీ గాలికి పోయింది. స్టాండు మాత్రం గేటు దగ్గర ఇప్పటికీ ఉంది. దాని మీద కుర్రాళ్లు హెల్మెట్లు పెడుతుంటారు.